దారి చెప్పే పాట

సెయింట్ పాల్,
ఫిబ్రవరి 6, 1996

ప్రియమైన తమ్ముడు నెంగ్‌కు,

అమ్మ కొట్టు ముందు మంచు మీద జారి పడింది. ఎముకలేవీ విరగలేదు. కానీ పది రోజులుగా మాట లేదు, ముద్ద మింగడం లేదు. డాక్టరు పరీక్షలన్నీ చేసి "ఏ జబ్బూ లేదమ్మా" అని పంపేశాడు. మన తంతులూ పాటలూ తెలిసిన చావా మామయ్య వచ్చి చూసి, "దీని మూడాత్మల్లో ఒకటి జడుసుకుని బయటే ఉండిపోయింది. కొడుకొచ్చి గుమ్మంలో నిలబడి పిలవాలి" అన్నాడు. నీకు చర్చి ఉందని తెలుసు. అయినా పదిహేడో తేదీ శనివారానికి రాగలవా?

నీ అక్క,
పాకూ

ఫ్రెస్నో,
ఫిబ్రవరి 12

అక్కా,

ఆత్మ దేవుడిచ్చింది. ఒక్కటే. చేతి తొడుగులా మంచులో జారిపోయేది కాదు. మన హ్మాంగ్ తెగ పెద్దల పద్ధతులు వదిలేయమని అరవై కుటుంబాలకు చెప్పిన పాస్టరును నేను. ఇప్పుడు కోడిగుడ్డూ అగరొత్తులూ పట్టుకుని గుమ్మంలో నిలబడితే వాళ్ళకు ఏ మొహం చూపించను? రోజూ ప్రార్థిస్తున్నాను. వేరే డాక్టరుకు చూపించు. కోపం తెచ్చుకోకు.

ప్రేమతో,
నెంగ్

సెయింట్ పాల్,
ఫిబ్రవరి 20

తమ్ముడూ,

నేనే గుమ్మంలో నిలబడి అమ్మ ఆత్మను పిలిచాను. రాలేదు.

నీకు అబద్ధం రాశాను. అమ్మ పడింది కొట్టు ముందు కాదు, నాన్న సమాధి దగ్గర. పోయినవాళ్ళ ఆత్మను బతికిన ఊళ్ళన్నిటి మీదుగా పుట్టిన ఇంటికి చేర్చే పాట నాన్న అంత్యక్రియల్లో వద్దన్నావు. అమ్మ అప్పుడు నోరెత్తలేదు. కానీ చలికాలమంతా వారం వారం బస్సెక్కి వెళ్ళి, ఆయనకు తనే దారి చెబుతోందట.

నిన్న నోరు విప్పింది. "నన్ను పిలవకే. మీ నాన్న ఎటు పోవాలో తెలీక ఆ మంచులోనే నించున్నాడు. ఆయన్నొదిలి నేనెట్టా వస్తా?" అంది.

నువ్వు బాధపడతావని దాచాను. ఇక నా వల్ల కాదు.

పాకూ

ఫ్రెస్నో,
మార్చి 11

ప్రియమైన అక్కా,

మీ దగ్గర్నుంచి క్షేమంగా ఇల్లు చేరాను. నువ్వు పనికి వెళ్ళిన ఆ పొద్దున ఏం జరిగిందో నీకు ఎదురుగా చెప్పలేకపోయాను.

అమ్మను చక్రాల కుర్చీలో సమాధి దగ్గరికి తీసుకెళ్ళాను. నాకు పాట రాదు. మనం బతికిన చోట్ల పేర్లే వెనక్కి చెప్పుకుంటూ పోయాను. సెయింట్ పాల్, థాయ్‌లాండ్ శరణార్థి శిబిరం, మెకాంగ్ నది... అక్కడ ఆగిపోయాను.

"ఏట్లో ఆపుతావేంరా ఆయన్ని? దాటించు!" అని అరిచింది అమ్మ.

నదికి అవతల మన పాత దేశపు ఊళ్ళు నాకు తెలియవు. అమ్మ అందిస్తుంటే పలికాను. నాన్న పుట్టిన ఊరు చెప్పాక అమ్మ చాలాసేపు ఏడ్చి, "చలేస్తోంది, ఇంటికి పద" అంది. ఆ సాయంత్రం ఎంత అన్నం తిందో నువ్వే చూశావు.

నిన్న చర్చిలో అంతా చెప్పేశాను. కొందరు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. పెద్దలు కొన్నాళ్ళు ప్రసంగించవద్దన్నారు. ఆత్మ ఒకటో మూడో, అక్కా, ఇప్పుడు నన్నడిగితే తెలియదనే అంటాను. ప్రార్థన మాత్రం మానలేదు.

బయల్దేరేటప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని, "మరి నాకెవరు చెప్తార్రా దారి?" అంది. "నేను చెప్తానమ్మా" అన్నాను, ఒక్క చరణం కూడా రానివాణ్ణి. మామయ్య చేత పాటంతా పాడించి క్యాసెట్టులో పంపు. తొందరగా పంపక్కా.

నీ
నెంగ్