చెయ్యెత్తినందుకు

శుక్రవారం, రుమైథియా, కువైట్

పిల్లల్ని చూసుకోవడానికి మేం మామా అని పిలిచే ఇంటి యజమానురాలి కుటుంబంతో ఐర్లాండ్ పల్లెకు వెళ్లొచ్చి వారమైనా ఆ అలవాటు పోలేదు. రాతిగోడల మధ్య ఆ సన్నని దారిలో ఎవరు ఎదురైనా పలకరింపుగా చెయ్యెత్తుతారు. గొర్రెలు కాసే ముసలాయన నాకూ ఎత్తేవాడు. "నువ్వూ ఎత్తు, లేకపోతే పొగరనుకుంటారు" అని నేర్పింది మామానే.

పొద్దున చెత్త పారేయడానికి వెళ్లినప్పుడు పక్కింటి డ్రైవర్ ఎదురైతే చెయ్యెత్తాను. మేడమీంచి మామా చూసింది. "ఎవడు వాడు? ఖలాస్, చాలు, ఇక గేటు దాటొద్దు!"

వంట చేసే లక్షుమక్క కూడా నన్నే తిట్టింది. "ఆడి అలవాట్లు ఆన్నే ఇడ్సిపెట్టి రావల్ల మే!"

సాయంత్రం మామా చుట్టాలకు ఆ పల్లె ఫోటోలు చూపిస్తూ, "ఎంత మంచి మనుషులో, పనివాళ్లనైనా పలకరిస్తారు" అని మురిసిపోయింది. వాళ్లకు టీ అందించింది నేనే. ఒక్కరూ తలెత్తలేదు.