నీళ్ల పాలిష్ బీరువా

జహనుమా,
మంగళవారం

సక్కుబాయికి, ఇంటి దగ్గర ఒంటరిగా చారు కాచుకు తింటున్న నీ పెనిమిటి రాసేది.

నువ్వు ఫోనెత్తవు. ఎత్తినా మీ అన్న భిక్షపతి పక్కనే కూర్చుని నీకు జవాబులు అందిస్తాడు. అందుకే ఈ ఉత్తరం. పక్కింటి బేబీ రోజూ మీ కార్వాన్‌కే కదా పనికి వెళ్లేది, ఆమె చేతికిస్తున్నాను.

దీపావళికి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నావు. డాక్టరు రాసిచ్చిన ఇంగ్లీషు చీటీ జేబులో పెట్టుకుని మందుల దుకాణాల చుట్టూ తిరిగింది నేను కాదా? అయినా నువ్వు అటునుంచి అటే పుట్టింటికి వెళ్లావు. రెండు నెలల తర్వాత ఇప్పుడు కబురు పంపావు. ఇంట్లో పాలిష్‌లో కలిపే థిన్నర్ డబ్బా కనబడకూడదట. పదకొండేళ్లుగా పాలిష్ లేని మన పడకగది బీరువాకు వాసన రాని నీళ్ల పాలిష్ వేస్తేనే వస్తావట. పటాకుల పొగకు నీకు ఆయాసం వస్తే నా పాలిష్ మీద పగబట్టడం ఏం న్యాయం?

ముప్పై రెండేళ్లుగా పాలిష్ మేస్త్రీని. దబీర్‌పురాలో నేను చేసిన తలుపుల్లో ముఖం చూసుకుని తల దువ్వుకున్నవాళ్లున్నారు. నీళ్లతో ఇల్లు కడుగుతారు, పప్పు ఉడికిస్తారు. పాలిష్ వేసినవాడిని మాత్రం నేను చూడలేదు.

అయినా వెళ్లాను. రంగుల దుకాణంలో ఉజైర్ డబ్బా మూత తీస్తే లోపల పాలలాంటిది ఉంది. చక్కెర వేసుకుని తాగాలా అని అడిగాను. మొన్నటిదాకా వాళ్ల నాన్న పక్కన మేకులు తూచినవాడు, నాకు పాఠం మొదలుపెట్టాడు. ముందు పట్టించిన రంగు మూడు రోజులు ఆరాలట. డబ్బాను కుదపకూడదట, బుడగలొస్తాయట. పల్చగా వేయాలట. ఇంకా ఏవేవో చెప్పాడు, నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. తర్వాత మెరుపుదా, మెరుపు లేనిదా అన్నాడు. మెరవని పాలిష్ కొనేవాళ్లు కూడా ఉన్నారట. డబ్బున్నవాళ్ల పిచ్చికి మందు లేదు. మెరిసేదే తెచ్చాను. మన పాలిష్ చెక్కకు తేనె రంగు తెస్తుంది, ఇదేమో వేసిన రంగును ఉన్నదున్నట్టు ఉంచుతుందట. ఏమీ చేయకపోవడం కూడా గొప్పేనా?

సరే, వేస్తాను. ఎట్లా తగలడుతుందో నీ కళ్లతో చూద్దువుగాని.

జగదీశ్వర్


జహనుమా,
సోమవారం

సక్కూ, ముందే చెప్పినవాడి మాట వినని సక్కూ,

నేననుకున్నంతా అయింది. వాల్‌నట్ రంగు పట్టించి, ఆ దుకాణదారు పెద్దమనిషి చెప్పినట్టే మూడు రోజులు ఆరబెట్టాను. ఒక కోటు పాలు తాగగానే చెక్క మీద నూగు లేచి, రెండు రోజుల గడ్డంలా గరగరలాడింది. కొత్తవాడైతే బెదిరిపోయేవాడు. నేను ఇనుప పీచు తీసి, మా ఉస్తాద్ నేర్పినట్టు చెక్క నార వెంట రుద్ది నున్నగా చేశాను. రెండో కోటు వేశాక, అబద్ధమెందుకు, బాగానే ఉంది. నిన్న పొద్దున చూస్తే రెండు తలుపుల నిండా ఎర్రచుక్కలు, తట్టు పోసినట్టు.

దుకాణానికి వెళ్లి, కొనడానికొచ్చిన గిరాకీల ముందే ఉజైర్‌ను కడిగేశాను. ఫోనులో ఫోటో చూపించాను. ఇది పాలిష్ కాదు, రోగం అన్నాను. వాడు ఫోటో చూసి ఒక్కటే అడిగాడు.

"కోటుకు కోటుకు నడుమ దేనితోని రుద్దినవ్ అన్నా?"

రేగ్‌మాల్‌తో, అదే గరుకు కాగితంతో అన్నాను. వాడు డబ్బాలోనే ఏదో తేడా ఉండుంటుందని, మాఫ్ చేయమని, కొత్త డబ్బా నా చేతిలో పెట్టాడు.

తప్పెవరిదో తేలింది కదా. బేబీతో చదివించి మీ అన్నకు కూడా ఈ ఉత్తరం వినిపించు. నువ్వడిగిన నీళ్ల పాలిష్ వేశాను, అది పాడైంది, నా బాధ్యత తీరింది. ఇక వస్తావో రావో నీ ఇష్టం.

మాట నిలబెట్టుకున్న జగదీశ్వర్


జహనుమా,
శుక్రవారం

నా సక్కుబాయికి,

పోయిన ఉత్తరం కింద ఏమని సంతకం పెట్టానో గుర్తుకొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఉజైర్ ఇచ్చిన కొత్త డబ్బా తెరవడానికి చెయ్యి రాలేదు. పాత డబ్బాలో మిగిలినదాన్ని రెండు చెక్క ముక్కల మీద వేశాను. ఒకదాన్ని ఇనుప పీచుతో రుద్దాను, ఇంకొకదాన్ని రేగ్‌మాల్‌తో. మళ్లీ కోటు వేస్తే పీచుతో రుద్దినదానికే చుక్కలు లేచాయి. పీచు తునకలు చెక్క నారలో ఇరుక్కుని, నీళ్లు తగిలి తుప్పు పట్టాయి. ఇనుముకు నీళ్లు తగిలితే తుప్పని బడి ముఖం చూడనివాడికీ తెలుసు. ముప్పై రెండేళ్ల మేస్త్రీకి తెలియలేదు.

కొత్త డబ్బా వెనక్కి తీసుకెళ్లి, గిరాకీల ముందే నిజం చెప్పాను. ఉజైర్ నవ్వినా బాగుండేది.

"ఫోటో చూడంగనే నాకు ఎర్కయింది అన్నా. పెద్దోనివి, గంతమంది ముందట ఎట్ల అంటా?" అన్నాడు.

రేగ్‌మాల్‌తో రుద్దానన్న ఆ అబద్ధం నా నోటికి అంత సులువుగా ఎట్లా వచ్చిందని దారంతా ఆలోచించాను. అంతకుముందే అలవాటైన నోరు కనుక వచ్చింది. దీపావళి ముందు రోజు గిరాకీ టీపాయ్‌కి ఇంట్లోనే థిన్నర్ కలిపిన మెలమిన్ పాలిష్ కొట్టాను. నువ్వు కిటికీ తెరవమన్నావు. పటాకుల మసి తడి పాలిష్ మీద పడుతుందని గడియ పెట్టింది నేను. నువ్వు దగ్గుతూ మళ్లీ అడిగావు. టీపాయ్ ఖరాబవుతుంది, కాస్త ఓర్చుకోమన్నాను. ఆసుపత్రిలో మాత్రం డాక్టరుకు, మీ అన్నకు, అడిగినవాళ్లందరికీ పటాకుల పొగ అని చెప్పాను. అది నీ కోసం భయపడి చెప్పిన మాట కాదు. నా పని మీద మాట పడకూడదని చెప్పింది. నాకు సిగ్గుగా ఉంది సక్కూ.

చుక్కల తలుపులను చెక్క బయటపడేదాకా గీకేశాను. మళ్లీ రంగు పట్టించి ఆరబెడుతున్నాను. ఈసారి మెరుపు లేనిది తెచ్చాను, మెరుపు చూస్తే నా ముఖమే కనబడుతుంది. థిన్నర్ డబ్బాలు ఇంట్లోంచి తీసేశాను. కిటికీ గడియ ఊడదీసి పారేశాను. ఇక ఆ కిటికీని ఎవరూ మూయలేరు.

నీ జగదీశ్వర్


కార్వాన్,
ఆదివారం

ఏమయ్యా, నేను చెప్తున్న, బేబీ రాస్తున్నది.

కిటికీ నువ్వు మూసినవని మొదటి దినమే ఆక్సిజన్ మాస్క్ జర పక్కకు జరిపి డాక్టర్‌కు చెప్పిన. ఆయన చీటీల గదే రాసిండు, థిన్నర్ వాసన అని. నాలుగు దినాలు ఆ చీటీ నీ అంగీ జేబులనే ఉన్నది. మందుల దుకాణపోల్లంత చదివిర్రు. నువ్వొక్కనివే పటాకులు పటాకులు అన్కుంట తిరిగినవ్. మా అన్నకు గూడ ఎర్కే. నీ ఇజ్జత్ పోతదని నోరు మూస్కున్నడు, నువ్వేమో ఆయన్నే తిడ్తవ్.

బీరువా నాకెందుకయ్యా? పాలిష్ లేకుంటనే పదకొండేండ్లు చీరలు పెట్టుకున్న. కిటికీ మూసింది నేనే అనే గా ఒక్క మాట నువ్వు ఎప్పుడంటవో అని కూసున్న. బీరువా రంగు మూడు దినాలల్ల ఆరుతదట, నీకు రెండు నెల్లు పట్టింది.

బుధవారం బేబీతోని వస్తున్న. ఊడదీసిన గడియ ఏడ పారేసినవో ఎతికి మళ్ల బిగించు, పిల్లి జొరబడ్తది. మూసుడు, తెరుసుడు ఇగ నేను చూస్కుంట.

సక్కుబాయి