ఎడమ ట్వీటర్

మే 6, మంగళవారం

బాషా బండి మళ్లీ వచ్చింది. గండికోటకు టూరిస్టులను తిప్పే తెల్ల బండి. పోయిన వారం డోర్లలో కొత్త స్పీకర్లు నేనే వేశాను. ట్వీటర్లు మాత్రం కంపెనీవే ఉంచమన్నాడు. అద్దం పక్క మూలల్లో ఉండే ఆ చిన్న బిళ్లలు. "కంపెనీది కంపెనీదేప్పా, వాటిని పీకొద్దు." సరే. డోరుకు పోయే వైరుకే రెండూ కలిపాను. దబ్బుమనే లావు శబ్దానికి కొత్తవి, సన్న శబ్దానికి పాతవి. ప్లస్సు ప్లస్సుకే. ట్వీటర్ వైరులోని కండెన్సర్ ముట్టుకోలేదు. దాన్ని కోసి ట్వీటర్ కాల్చే వెధవలు కడపలో బోలెడుమంది. నేను కాదు.

ఈ రోజు బాషా మాట — "ఎడమ పక్క కూర్చున్నోళ్లు చెవులు మూసుకుంటాండారు సీనా. సూది గుచ్చినట్టుండాదంట."

సూదంట. పాటలు ఫోన్లో వినే మొహాలు.

కూర్చుని విన్నాను. నాకైతే ఎడమదే తక్కువ. పాటల సెట్టులో బ్యాలెన్స్ ఇంకో రెండు గీతలు ఎడమకు జరిపి పంపాను.

మే 7

మా ఓనరు ఖాజన్న కర్నూల్లో రెండో షాపు ఖాయం చేశాడు. అక్కడ అంతా నేనే చూసుకోవాలట. "తాళం నీ చేతికే. మీటరు యావడైనా కొంటాడు. నీ చెవి యాడ కొంటాడు?"

ఈ పనిలో ఏడేళ్లు. ఎవడూ నేర్పలేదు. పదో తరగతి తప్పాను, పాడైన స్పీకర్లు విప్పుకుంటూ నేర్చుకున్నాను. సర్టిఫికెట్టు లేదు. చెవి ఉంది.

సంతోషం రావాలి. రాలేదు. అన్నం తిన్నాను.

మే 9, శుక్రవారం

బాషా. ఈసారి అరుపులే.

"నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేంది? బద్వేలు నుంచి వచ్చినామె ముందు సీట్లో కూర్చోలేక ఎనక్కి పాయ!"

"చెవులు కడుక్కోమను."

"ముందు నీవి కడుక్కోరా!"

ఖాజన్న నమాజుకు పోయి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఎడమ సీట్లో కూర్చుని, మూలలో ట్వీటరుకు చెవి ఆనించాను. ఏమీ లేదు. చచ్చింది. కాలిపోయిందన్నాను. బాషా నోరు తెరిచాడు — "కూస్తాందిరా నాయనా, నీకు ఇనపల్లేదా?"

ఎగతాళి అనుకున్నాను. బండి ఇక్కడ పెట్టి పొమ్మన్నాను.

మే 10

అనుమానమొస్తే మార్చి చూడు. పనిలో నాకు నేను చెప్పుకున్న మొదటి పాఠం.

కుడి ట్వీటర్ పీకి ఎడమలో పెట్టాను. బాగా పలికేది కాస్తా చచ్చింది. ఎడమది కుడిలో పెట్టాను. చచ్చింది కాస్తా పలికింది.

అంటే వైరు. మీటరు పెట్టాను. వైరు మంచిదే.

అంటే సెట్టు. ఇంకో సెట్టు తగిలించాను. అప్పుడూ అంతే.

మార్చనిది ఒకటే మిగిలింది.

సీట్లో మోకాళ్ల మీద వెనక్కి తిరిగాను. వెనకద్దం వైపు ముఖం. ఎడమ మూల ఇప్పుడు నా కుడి చెవి దగ్గర.

సూది. బాషా చెప్పిన సూదే.

ఎంతసేపు అలా ఉన్నానో... ఎండకు సీటు కాలుతోంది. మోకాళ్లు కాలాయని దిగాకే తెలిసింది.

బ్యాలెన్స్ మధ్యకు తెచ్చి ఇచ్చేశాను. ఎలా ఉందో నాకు తెలియదు. బాషా విని చేయి కలిపాడు. "ఇప్పుడు కుదిరిందప్పా! మొన్ననే చేసుంటే పోయేది కదా."

మే 11, ఆదివారం

ప్రొద్దుటూరు. ఇల్లు.

నాయన ఇరవై ఏళ్లు మరమగ్గాల షెడ్డులో. ఆ చప్పుడుకే చెవులు పోయాయి. చెవిలో సీసం పోసుకున్నావా అని ఎన్నిసార్లు అరిచానో ఆయన మీద. నవ్వేవాడు. వినపడక నవ్వుతున్నాడనుకునేవాణ్ణి.

అన్నాల దగ్గర అమ్మ ఎడమ పక్క నుంచి ఏదో అడిగింది. తిరిగాను. నాయన ముద్ద ఆపి చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏంది?"

"మెడ. నా మాదిరే తిప్పుతాండావు."

ఆయనే చెప్పాడు — "నాకూ ముందు ఒక పక్కే పాయ. దూది పెట్టుకోమన్నారు. షెడ్డులో నగుతారని పెట్టుకోలే."

నేను మాత్రం పెట్టుకున్నానా? డిక్కీలో పెద్ద బాక్సులు పెట్టించుకునే బండ్లలో తల దూర్చి, గంటలు గంటలు...

అమ్మకు చెప్పొద్దన్నాను. తల ఊపాడు. వినపడి ఊపాడో, ఊరికే ఊపాడో.

మే 12

ఈ మధ్య నేను సరిచేసిన బండ్లన్నీ ఎడమకు ఒరిగిన బ్యాలెన్సుతో తిరుగుతున్నాయి. కోడుమూరు దాకా. బద్వేలు దాకా. ఎవడూ చెప్పలేదు. చెప్పిన ఒక్కణ్ణీ తిట్టి పంపాను.

మే 13

చెవుల డాక్టరు బోర్డు దాకా పోయాను. మెట్లెక్కలేదు. ఎక్కితే కాగితం రాసిస్తాడు. నా పేరు మీద మొదటి సర్టిఫికెట్టు.

మే 15

ఫోన్లో యాప్ ఒకటి దించుకున్నాను. శబ్దాన్ని గీతలుగా చూపిస్తుంది. ఎడమ ట్వీటర్ పలికితే చివరి గీతలు లేస్తాయి. కళ్లతో వినొచ్చు. ఖాజన్న చూశాడు.

"అదేంది?"

"ఊరికే అన్నా."

"బాషా ఏందో చెప్పినాడు."

"ఏం చెప్పినాడు?"

"ఏంలేదులే."

కోపం రావాలి నాకు. ఇంత జరిగితే మీటరు గోడకేసి కొట్టాలి. స్క్రూలు సైజుల వారీగా డబ్బాల్లో సర్దుకుంటూ కూర్చున్నాను.

మే 18, ఆదివారం

కర్నూలు. షట్టరు రంగు ఇంకా ఆరలేదు. పొద్దున్నే తాళం నా చేతిలో పెట్టాడు ఖాజన్న. మొదటి పని తన బండికే చేయమన్నాడు. బాషా బండికి మాదిరే. కొత్త స్పీకర్లు, కంపెనీ ట్వీటర్లు. చేశాను. చేతులకేం రోగం లేదు.

డ్రైవర్ సీట్లో కూర్చోమన్నాడు. ఫోన్ తీశాను. "గీతలెందుకప్పా, నువ్వుండంగ" అని తీసుకుని జేబులో వేసుకున్నాడు. పాట పెట్టి ఎడమ డోరు దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆ మూలకు ఇంకా మూత బిగించలేదు.

"కుడిది?"

"వస్తాందన్నా."

"ఎడమది?"

కింద డోరులో దబ్బు వస్తోంది. పైన... ఏముందో. నేనే కలిపాను. రాకుండా ఎట్లా ఉంటుంది.

"వస్తాంది. బాగుండాది."

"సరిగ్గా ఇను."

"వస్తాందంటాండా కదన్నా!"

పిడికిలి తెరిచాడు. అరచేతిలో ఎడమ ట్వీటర్. వైరు ఊడదీసి ఉంది.

తిట్టలేదు. తిడితే నేనూ తిట్టేవాణ్ణి. దాన్ని డ్యాష్‌బోర్డు మీద నా ముందు పెట్టి, నా ఫోన్ కూడా పక్కన పెట్టి, "టీ తాగొస్తా" అని పోయాడు.

ట్వీటర్ మళ్లీ తగిలించాను. ప్లస్సు ప్లస్సుకే. మూత బిగించాను. బండిలోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

తాళం నా జేబులోనే ఉంది. ఖాజన్న తిరిగి అడగలేదు.

టీ కొట్టు ఎదురుగానే. ఆయన గ్లాసు ఖాళీ అయి చాలాసేపైంది. అక్కడే కూర్చుని ఇటే చూస్తున్నాడు.