ముందు సూది, తర్వాత భయం

ప్రియమైన అక్కకి,

ఫోన్ ఎత్తడం లేదని అలగకు. ఫోన్‌లో మాట్లాడాక, ఆ మాట నువ్వన్నదో నా తలలో గొంతు అన్నదో తేల్చుకోలేను. ఉత్తరమైతే మళ్ళీ చూసుకోవచ్చు. కోడి గెలికినట్టుండే నీ రాత ఇంకెవరికీ రాదు.

లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గరే పని. యంత్రాలు తిరుగుతుంటే గొంతు అణిగి ఉంటుంది; గదికొచ్చి తలుపేసుకున్నాకే దాని పెత్తనం. తలకిచ్చిన మందు వేసుకుంటే ఆకలి దంచేస్తుంది, తింటే షుగర్ పెరుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మొన్న పని మధ్యలో చెమటలు పట్టి చేతులు వణికాయి. "అందరూ నిన్నే చూస్తున్నారు, పారిపో" అంది గొంతు. నా పద్ధతి నాకుందిగా: ముందు సూది, తర్వాత భయం. వేలు గుచ్చి మీటరులో చూస్తే షుగర్ పడిపోయి ఉంది. చక్కెర నీళ్ళు తాగి కూర్చున్నాను. కాసేపటికి చూస్తే ఎవరి పనిలో వాళ్ళున్నారు. నావైపు చూసినవాడే లేడు.

ఆదివారాలు మాత్రం గడవవు అక్కా.

నీ తమ్ముడు

*

ఒరేయ్ చిన్నోడా,

కోడి గెలికినట్టు రాస్తానా? ఇప్పుడింకా అధ్వాన్నం, చూసుకో. కళ్ళద్దాలు మార్చి నెల కాలేదు, సూదిలో దారం ఎక్కడం లేదు. బట్టలు కుట్టించుకునేవాళ్ళు గొణుగుతున్నారు. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు. కత్తెర గీరుకున్న వేలు ఇంకా మానలేదు. వయసురా, ఏం చేస్తాం!

నా దగ్గరికి వచ్చెయ్యమంటే వినవు. నువ్వు బాగున్నంత కాలమే ఆ గది. నీ మాటల్లో తేడా కనిపిస్తే సామాను సర్దించి తీసుకొచ్చేస్తాను.

వేళకి తిను.

మీ అక్క

*

ప్రియమైన అక్కకి,

దాహం, మసక చూపు, మానని గాయం. నాకూ మొదట్లో అచ్చం ఇలాగే ఉండేది. నీకు షుగర్ వచ్చింది. ఈ ఉత్తరం పక్కన పెట్టి వెళ్ళి పరీక్ష చేయించుకో.

తమ్ముడు

*

చిన్నోడా,

మళ్ళీ మొదలైందా? పోయినసారీ ఇంతే. పక్కింటాయన గుండె ఆగిపోతోందని తలుపు బాదావు. ఆయన నిక్షేపంలా ఉన్నాడు. మందు మానేశావా? నా దగ్గర దాచకు.

ఆదివారం వస్తున్నాను. గది ఖాళీ చేద్దాం. నా మాట విను నాన్నా.

అక్క

*

అక్కా,

మందు మానలేదు. వేసుకున్న మాత్రల ఖాళీ అట్టలు ఇందులో పెట్టాను, చూసుకో.

పక్కింటాయన సంగతి గొంతు చెప్పింది. ఇది గొంతు చెప్పలేదు, నీ ఉత్తరమే చెప్పింది. గొంతైతే "మీ అక్క పోతుంది, నీవల్లే" అంటోంది. దాన్ని నేను నమ్మడం లేదు. నువ్వు నన్నూ నమ్మొద్దులే. ఒక్క వేలు గుచ్చితే తేలిపోతుంది.

తప్పు నాదైతే నోరెత్తకుండా నీ వెంట వచ్చేస్తాను. సామాను సర్దే ఉంచాను, పెద్దగా ఏం లేదులే. నోరు కట్టుకుని, మాత్రలు మింగి, ఒక్కడినే ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాను. అయినా నా మాట జబ్బు మాటేనని నువ్వే అంటే, ఇక నాకెవరున్నారక్కా?

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఆదివారం నేను రాకపోయేసరికి ఎన్ననుకున్నావో. ఆ అట్టలు చూశాక నీ ఉత్తరం చింపబుద్ధి కాలేదు. నీ నోరు మూయించడానికే పరీక్షకి వెళ్ళాను. మూసుకున్నది నా నోరు. షుగర్ ఎంతుందంటే, ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే కుట్టుమిషను మీదే పడిపోయేదాన్నట. ఎవరు కనిపెట్టారని డాక్టరమ్మ అడిగింది. మా తమ్ముడన్నాను. ఆ మాట అంటుంటే ఏడుపొచ్చింది.

షుగర్ చూసుకునే మీటరు తెచ్చుకున్నాను. బల్ల మీద పెట్టి దాని చుట్టూ తిరుగుతున్నాను. బతుకంతా సూదితోనే గడిచిందా, ఆ చిన్న సూది చూస్తే చెయ్యి రావడం లేదు. నువ్వు ముందు సూది, తర్వాత భయం అన్నావు. నాకు భయమే ముందొచ్చిందిరా. ఆ గదిలో ఒక్కడివే, పక్కన మనిషి లేకుండా, మొదటిసారి ఎలా గుచ్చుకున్నావు? నేనెప్పుడూ అడగనే లేదు.

ఈ ఆదివారం తప్పకుండా వస్తాను. సామాను విప్పెయ్. మీటరు నేను తెస్తాను, నువ్వు నా వేలు పట్టుకో.

మీ అక్క