కాలరు కుట్టే వీడియో

మార్చి 14, ఆదివారం

అక్కకు తమ్ముడి నమస్కారాలు. బావకి కూడా చెప్పు, మరిచిపోయానని తప్పించుకోకు. ఇక్కడ నేను కులాసా. అక్కడ నీ కుట్టుమిషన్ చప్పుడూ చిట్టి అల్లరీ ఒకదానితో ఒకటి పోటీ పడుతూనే ఉంటాయని నాకు తెలుసు.

నువ్వు పంపిన పెన్‌డ్రైవ్ అందింది. అమ్మ పోయాక మిగిలిన ఒక్క వీడియో ఇదేననీ, ఇక రాదని నలుగురు చెప్పారనీ, నేనూ అదే మాటంటే పారేస్తాననీ చీటీ పెట్టావు. పారేయకు. వీడియో క్షేమంగా ఉంది.

మా స్టూడియోలో ఏ ఫైలు వచ్చినా ముందు దాని పేరు నమ్మం. లోపల ఏముందో చదివి చెప్పే చిన్న ప్రోగ్రాముంది, దానికి చూపిస్తాం. నీ ఫైలు పేరు చివర ఎంపీఫోర్ అని ఉంది. లోపల చూస్తే ఏవీఐ. నీ వంటింట్లో పంచదార డబ్బా మీద ఉప్పు అని రాసి ఉంటుందే, అలాగన్నమాట.

అంతటితో అయిపోలేదు. ఏవీఐ, ఎంపీఫోర్ అనేవి డబ్బాలు మాత్రమే. అందులో బొమ్మ ఒక పొట్లం, మాట ఇంకో పొట్లం. పొట్లం కట్టిన పద్ధతినే కోడెక్ అంటారు. ఆ పద్ధతి తెలిసిన యంత్రమే దాన్ని విప్పగలదు. బావ పాత కెమెరా బొమ్మను కట్టిన తీరు మీ టీవీకి తెలియదు, మాటను కట్టిన తీరు తెలుసు. అందుకే మొదట్లో తెర నల్లగా ఉండి అమ్మ గొంతు మాత్రం వినిపించేది. తర్వాత ఎవరో పేరు మార్చారు. దాంతో టీవీకి డబ్బా తెరవడమే చేతకాక గొంతు కూడా పోయింది.

నేను పాత పేరు పెట్టి, బొమ్మను మీ టీవీకి తెలిసిన పద్ధతిలోకి మార్చాను. అసలుది ముట్టుకోకుండా పక్కన ఉంచాను.

అమ్మ కనిపించింది అక్కా. కళ్లద్దాలు ముక్కు మీదికి జారిపోయి, నీకు కాలరు మూల తిప్పడం చూపిస్తోంది. మధ్యలో తలెత్తి, "అల్లుడుగారూ, నా మొహం కాదు, కుట్టు తీయండి. రేపు దానికి పనికొచ్చేది అదే" అంది. బావ వినలేదు. చివరిదాకా మొహమే తీశాడు.

బావ చెయ్యి పడితే ఏదీ మిగలదని ఆరేళ్లుగా పదిమందిలో అంటున్నావు. ఆయన ముట్టుకుంటాడని అమ్మ ఆల్బమ్ బీరువాలో పెట్టి తాళం వేశావు. ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఇక ఆ మాట అనకు.

చిట్టికి ముద్దులు. ఉంటాను.

నీ తమ్ముడు

తా.క.: పేరు మార్చింది నేనే. అప్పటికి కంప్యూటరు కోర్సులో చేరి నెల కూడా కాలేదు. చివరి అక్షరాలు మారిస్తే ఫైలే మారిపోతుందనుకున్నాను. గొంతు కూడా పోయేసరికి కనిపించిందల్లా నొక్కుతూ ఉన్నాను. నువ్వు గదిలోకి వస్తుంటే బావ నా చేతిలోని మౌస్ తీసుకుని, "నేనే ఏదో నొక్కాను" అన్నాడు. చెప్పొద్దని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. నేనే చెప్పలేదు. బీరువా తాళంచెవి ఆయన చేతికివ్వు.