ఒళ్లు దులపకు తమ్ముడూ

దీవి నుంచి,
10 జనవరి 1991

పూజ్యులైన అన్నకు తమ్ముడు బాలమల్లు వంగి చేసే నమస్కారాలు. అక్కడ ఎల్లారెడ్డిలో నువ్వూ, భూదవ్వ వదినా క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమమనే అనుకుంటున్నాను. ఎందుకు అనుకోవలసి వస్తోందో కింద రాస్తాను.

బట్టల వ్యాపారి సిరాజుద్దీన్ సాబ్ కామారెడ్డిలో నా కుట్టు దుకాణం మూయించి నన్ను ఇక్కడికి ఎందుకు తోలాడో నీకు తెలుసు. సముద్రం నడుమ కొత్తగా కట్టిన పెద్ద హోటలుకు పరదాలు కుట్టాలి. దీన్ని రిసార్టు అంటారట. కొచ్చిన్‌లో ఓడ ఎక్కి మొదటి రోజు నీళ్లను చూస్తూ, రెండో రోజు చూడకుండా కళ్లు మూసుకుని వచ్చాను.

ఒడ్డున దిగగానే డప్పు కొట్టారు. పూలదండ పట్టుకుని, బొట్టు పళ్లెం పట్టుకుని ఎదురొచ్చారు. నా వెనుక ఎవరో పెద్దమనిషి వస్తున్నాడనుకుని పక్కకు జరిగాను. వాళ్లూ జరిగి నాకే వేశారు. పనివాళ్ల ఇండ్లకు ఇంకా కప్పు పడలేదని నన్ను అతిథులుండే గదిలో పెట్టారు. మంచం మీద మన రెండిండ్ల వాళ్లం అడ్డంగా పడుకోవచ్చు. కిటికీ తీస్తే సముద్రం, తలుపు తీస్తే సముద్రం. మిషను వరండాలో వేసుకున్నాను. గంటకోసారి ఎవరో ఒకరు ఏదో ఒకటి తెచ్చి తినమంటారు.

ఇక్కడి మేనేజరు పేరు స్వామిదాసు. మద్రాసులో పెరిగాడట, తెలుగు బాగానే మాట్లాడతాడు. మాట అర్థమవుతుంది కానీ మనిషి అర్థం కాడు. "మార్చి నడుమ హోటలు తెరుస్తాం. అప్పటిదాకా మాకు అతిథివి నువ్వొక్కడివే. బాగా తిను, బాగా పడుకో. తెరిచే రోజు నీతో పెద్ద పని ఉంది" అన్నాడు. పరదాలు అప్పటికే అయిపోతాయి కదా, ఇంకేం పని సారూ అంటే నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఒకసారి కామారెడ్డి పోయి రాములవ్వను చూసి రా. బీడీలు చుట్టుకుంటూ ఒక్కతే ఉంటుంది. మొగుడు లేడని సంతోషంగా ఉందేమో, అది కూడా చూసి రాయి.

ఇట్లు, తిండి ఎక్కువై భయం పట్టిన
నీ తమ్ముడు

మరిచాను: మంచం మీద తువాలుతో బాతును చేసి పెట్టారు. చెడిపోతే ఏమంటారోనని మూడు రోజులుగా కింద పడుకుంటున్నాను.

*

ఎల్లారెడ్డి,
22 జనవరి 1991

చిరంజీవి బాలమల్లుకు అన్న మార్కండేయ ఆశీస్సులు. చిరంజీవి అనే మాట ఇన్నాళ్లూ అలవాటుగా రాసేవాణ్ణి. ఈసారి తెలిసే రాస్తున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి సంతోషపడ్డాను. రెండోసారి అనుమానం వచ్చింది. మూడోసారి చదివాక కుర్చీలోంచి లేవలేకపోయాను. మీ వదిన వచ్చి లేపింది.

ముక్కూ మొహం తెలియని దర్జీకి పూలదండ ఎవరు వేస్తారురా? మన దగ్గర ఎల్లమ్మకు మేకపోతును ఇచ్చే ముందు ఏం చేస్తారో గుర్తు చేసుకో. నెల రోజులు మంచి మేత. తర్వాత దండ, బొట్టు, ముందర డప్పు. ఆఖరున నెత్తిమీద నీళ్లు చల్లి, అది ఒళ్లు దులుపుకునేదాకా అందరూ చూస్తూ నిలబడతారు. దులుపుకుంటే ఒప్పుకున్నట్టు. దులపకపోతే కత్తి ఎత్తరు.

కొత్త కట్టడం మనిషిని అడుగుతుందని మన పెద్దలు అనేవాళ్లు. నువ్వు అవ్వ కడుపులో ఉన్నప్పుడు బాపు ఆనకట్ట పనికి పోయాడు. మళ్లీ రాలేదు. కట్ట నిలవడానికి అతన్ని ఇచ్చారని ఊరంతా గుసగుసలాడింది. నిజమేమిటో అడగడానికి మన ఇంటి నుంచి ఒక్కరు పోలేదు. అవ్వ కదల్లేని మనిషి, నాకు తొమ్మిదేండ్లు.

ముప్పై ఏండ్లు బడిలో సైన్సు చెప్పి రిటైరైన పంతులు ఇదేం రాస్తున్నాడని నవ్వుతావేమో. పాఠం వేరు, తమ్ముడు వేరు. నెత్తిన ఎవరు నీళ్లు పోసినా సరే, ఒళ్లు దులపకు.

ఇట్లు, నిద్ర లేని
మీ అన్న

తా.క. చెవి చిరిగిన మేకను అమ్మవారికి ఇవ్వరు. నీ ఎడమ బొటనవేలి గోటిలోంచి ఒకసారి మిషను సూది దిగింది కదా, ఆ మచ్చ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపించు.

*

దీవి నుంచి,
4 ఫిబ్రవరి 1991

అన్నా, నమస్కారం. క్షేమమని రాయడానికి కలం రావడం లేదు.

నువ్వు రాసినవన్నీ జరుగుతున్నాయి. మరియ అనే ఆమె వచ్చి నన్ను బల్ల మీద పడుకోబెట్టి ఒళ్లంతా నూనె రాసింది. ఆమె చెయ్యి మంచిదే, నిద్ర కూడా వచ్చింది. అంతలోనే ముఖం మీద సువాసన నీళ్లు చల్లింది. చల్లి, నా ముఖంలోకి చూస్తూ నిలబడింది! నేను రాయిలా పడి ఉన్నాను. మళ్లీ చల్లింది. నేను కదల్లేదు. ఆమె భయపడి స్వామిదాసును పిలుచుకొచ్చింది. ఇద్దరూ కలిసి చూశారు. ముక్కు మీద నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు అన్నా, నీ మీద ఒట్టు. స్నానాల గదిలో కూడా నీళ్లు పైకప్పులోంచి వానలా పడతాయి. వాటి కింద బిగదీసుకుని నిలబడుతున్నాను. పండ్లు కొట్టుకుంటాయి కానీ ఒళ్లు కదలదు.

బొటనవేలు చూపించాను. స్వామిదాసు ముఖం మాడిపోయింది. దెబ్బ తగిలిన సరుకు తెచ్చామే అనుకున్నాడని సంతోషించాను. గంటలో డాక్టరును తెచ్చి, ఇరవై ఏండ్ల నాటి మచ్చకు కట్టు కట్టించాడు. పైగా డాక్టరు "ఇంకేమైనా దెబ్బలున్నాయా? ఈత వచ్చా?" అని అడిగాడు. రాదన్నాను. రాసుకున్నాడు.

అన్నం మానేశాను, బక్కచిక్కితే వదిలేస్తారేమోనని. ఒక పళ్లెం వెనక్కి పంపితే మూడు పళ్లేలు వస్తున్నాయి. ఓడ వచ్చిన రోజు సంచి పట్టుకుని ఒడ్డుకు ఉరికాను. స్వామిదాసు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు పోతే మేము హోటలు ఎట్లా తెరుస్తాం?" అని బతిమాలి వెనక్కి తెచ్చాడు. ఈ దీవిని చుట్టి రావడానికి ఒక జాకెట్టుకు హుక్కులు కుట్టినంత సేపు చాలు. ఎక్కడికని పారిపోను? చాలా భయంగా ఉంది అన్నా.

రాములవ్వకు ఏమీ చెప్పకు. నా చిన్న కత్తెర ఆమె పెట్టెలో ఉంది, దాన్ని అమ్మొద్దని మాత్రం చెప్పు.

నీ తమ్ముడు
(ఈ ఉత్తరం రాసేనాటికి ఇంకా ఉన్నాను)

తా.క. నిన్న ఒకతను టేపు తెచ్చి నన్ను మెడ నుంచి మడమ దాకా కొలిచి పోయాడు. జన్మంతా ఊరందరినీ కొలిచాను. నన్ను ఒకరు కొలవడం ఇదే మొదలు. ఎందుకని అడిగితే "తెరిచే రోజుకు" అన్నాడు.

*

ఎల్లారెడ్డి,
15 ఫిబ్రవరి 1991

చిరంజీవి, చిరంజీవి, చిరంజీవి బాలమల్లుకు,

నీ ఉత్తరం అందగానే కామారెడ్డి పోయి సిరాజుద్దీన్ గల్లా ముందు కూర్చున్నాను. "ఏం ఫికర్ జేయకుండ్రి సార్. మీ తమ్మున్ని నవాబు లెక్క జూస్తున్నరట" అన్నాడు. ఆ మాటతో నాకున్న కాస్త ఆశా పోయింది. అక్కడి నుంచి పోలీసు ఠాణాకు పోయాను. నీ ఉత్తరం చదివి జమేదారు, "గా తిండి, గా మాలీషు నాకైతే కావాలె పంతులూ, నన్ను తోలరాదు" అన్నాడు. సొమ్మున్నవాళ్లూ ఇంతే, టోపీ పెట్టుకున్నవాళ్లూ ఇంతే.

రాములవ్వకు నేను చెప్పలేదు. నా ముఖమే చెప్పింది. బీడీల చేట పక్కన పెట్టి లేచి, "మీరు పోతరా, నన్ను పొమ్మంటరా బావా?" అని అడిగింది.

నేనే వస్తున్నాను. మార్చి నాలుగు, సోమవారం బయలుదేరుతాను. వాళ్లకు ప్రాణమే కావాలంటే ప్రాణానికి ప్రాణం ఇస్తాను. లింగంపేట లస్మయ్య దగ్గర మచ్చలేని మేకపోతును తీసుకున్నాను. నీ బదులు దాన్ని తీసుకొమ్మని మాట్లాడతాను. బాపును అడగడానికి ఎవరూ పోలేదు బాలమల్లూ. నీ కోసం నేను వచ్చి అడుగుతాను. అప్పటిదాకా ఒళ్లు దులపకు.

మీ అన్న

తా.క. మేకపోతుకు ఓడ పడుతుందో లేదోనని రోజూ ఉయ్యాలలో ఊపుతున్నాం. మీ వదిన తిడుతోంది.

*

దీవి నుంచి,
26 ఫిబ్రవరి 1991

అన్నా, బయలుదేరకు! మేకను లస్మయ్యకు తిరిగి ఇచ్చేయి.

యజమాని ముందే వస్తున్నాడని ఇవాళే హోటలు తెరిచారు. పొద్దున్నే వచ్చి నాకు కొత్త కోటు, ప్యాంటు తొడిగారు. (కుట్టు బాగుంది, చంకల దగ్గర మాత్రం పట్టేసింది.) దండ వేసి, డప్పు కొడుతూ చెయ్యి పట్టుకుని నడిపించారు. గడప దగ్గర ఒక పళ్లెం, పళ్లెంలో ఎర్రబట్ట. బట్ట తీస్తే కింద తళతళమంటూ ఇనుము. స్వామిదాసు కాళ్ల మీద పడ్డాను.

"ఇడిచిపెట్టుండ్రి సారూ! మా ఇంట్ల ఒగసారి అయింది. మల్లొగసారి వద్దు. నాకు అన్న ఒక్కడే, ఆయినెకు నేనొక్కన్నే" అని ఏడ్చాను.

ఎర్రబట్ట కింద ఉన్నది కత్తెర అన్నా. రిబ్బను కత్తిరించే కత్తెర. ఇక్కడ మొదట నివసించిన మనిషి చేతనే తెరిపించాలని యజమాని కోరికట. స్వామిదాసు కూడా నా పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చాడు. అసలు అతిథులు రాకముందు ఒకరికి మర్యాదలు చేసి, లోటుపాట్లు తెలుసుకోవడం వీళ్ల పద్ధతి. ఆ ఒకణ్ణి నేను. "బాగుందనవు, బాగాలేదనవు, అన్నం ముట్టవు, నీళ్లు చల్లితే కన్ను ఆర్పవు. యజమాని నిన్ను నా మీద నిఘాకు పంపాడనుకుని రెండు నెలలుగా నాకు నిద్ర లేదు" అన్నాడు. ఒకరిని చూసి ఒకరం చిక్కిపోయాం. ఇప్పుడు ఇద్దరం కలిసి మూడు పళ్లేలు ఖాళీ చేశాం.

ఈ ఉత్తరం కంటే ముందే "క్షేమం, రావద్దు" అని నీకు వైరు కొట్టిస్తున్నాడు. నేను వచ్చే సోమవారం ఓడకు బయలుదేరుతున్నాను.

ఇట్లు, నిజంగా క్షేమంగా ఉన్న
నీ తమ్ముడు

తా.క. వాళ్ల కత్తెరకు పదును లేదు. రిబ్బను నమిలింది. నా పెద్ద కత్తెరతో కత్తిరించాను. లోటుపాట్లలో అదొక్కటే రాయించాను.

*

దీవి నుంచి,
6 మార్చి 1991

కామారెడ్డిలో ఉన్న చిరంజీవి బాలమల్లుకు, దీవిలో ఉన్న అన్న మార్కండేయ రాస్తున్నది.

నీ ఉత్తరం నాకు అందలేదు. జరిగినదంతా స్వామిదాసు చెప్పాడు. వైరు మాత్రం అందింది. "క్షేమం, రావద్దు" అని చదవగానే మెడ మీద కత్తి పెట్టి రాయించారనుకుని, సోమవారం దాకా ఆగకుండా ఆ సాయంత్రమే మేకతో సహా రైలెక్కాను.

సోమవారం నాడు ఓడ దిగుతుంటే ఎదురుగా దండ వేసుకుని, కోటు తొడుక్కుని ఒక దొర ఎక్కడానికి వస్తున్నాడు. మేకను పక్కకు లాగి, వంగి దండం పెట్టి దారి ఇచ్చాను. ఆయన కూడా నా ముఖం చూడలేదు, మేకను చూశాడు. అది నువ్వేనని ఓడ కదిలాక తెలిసింది. లోకంలో తమ్ముడికి దండం పెట్టిన అన్నను నేనొక్కణ్ణే అయి ఉంటాను, ఎవరికీ చెప్పకు.

కానీ అప్పటికి నాకేం తెలుసు? నేరుగా లోపలికి పోయి బల్ల మీద కొట్టి, "నా తమ్ముడేడి?" అని అరిచాను. యాభై మూడేండ్ల కింద అరవవలసిన అరుపు అది. స్వామిదాసు అతిథుల పుస్తకం తెచ్చి నా ముందు తెరిచాడు. వచ్చిన తేదీ ఉంది. పోయిన తేదీ ఉంది. పక్కన నీ సంతకం, వంకరగా, నేను నేర్పినట్టే. అక్కడే కూలబడి ఏడ్చాను. బాపు పోయిన చోట ఇలాంటి పుస్తకం ఒకటి ఉంటే మన అవ్వ అన్నేండ్లు ఊరి బయట దారి చూస్తూ కూర్చునేది కాదు.

తిరుగు ఓడ వచ్చే సోమవారమట. అప్పటిదాకా నీ గదిలోనే ఉంటున్నాను. స్వామిదాసు లోటుపాట్లు చెప్పమన్నాడు. ఇంగ్లీషులో పదకొండు పేజీలు రాసిచ్చాను, ఇంకా ఉన్నాయన్నాను. మేకపోతుకూ దండ వేసి నీళ్లు చల్లారు. అది ఒళ్లంతా దులుపుకుంది. నేను చూడనట్టు ముఖం తిప్పుకున్నాను. ఇప్పుడది తోటలో గడ్డి మేస్తోంది.

రాములవ్వకు చెప్పు, బావ పోయి అడిగాడని.

ఇట్లు,
మీ అన్న

తా.క. ఆ పుస్తకంలో సంతకం పక్కన "మా హోటలు ఎలా ఉంది?" అనే గడి ఉంది. నువ్వు "బతికి పోతున్న" అని రాశావు. స్వామిదాసుకు తెలుగు చదవడం రాదు, అర్థమేమిటని అడిగాడు. చాలా సౌఖ్యంగా ఉందని రాశాడు అని చెప్పాను. నన్నూ రాయమన్నాడు. నీ కింది గడిలో రాశాను: "తమ్ముణ్ణి అడగడానికి వచ్చాను. ఇంటికి పోయాడన్నారు."