ఇద్దరు ముత్యాలమ్మలు

నవంబర్ 3, సోమవారం

మనోహర్ సార్ ఈ రోజు కూడా కెరీర్ సలహా ఇచ్చాడు. నేను అడగలేదు. నా డబ్బాలోని చిత్రాన్నం తింటూ ఇచ్చాడు. ధర్మవరం మనిషే. వారానికి రెండు రోజులు బెంగళూరు నుంచి మా హిందూపురం ఆసుపత్రికొచ్చి పేషెంట్ రికార్డుల డేటాబేస్‌కు హెడ్డుగా ఉంటాడు. మిగతా రోజులు చాకిరీ నాది. నా కాంట్రాక్ట్ ఈ నెలాఖరుకు అయిపోతుంది. పర్మనెంట్ కావాలంటే ఆయన సంతకం పడాలి. అందుకే చిత్రాన్నం పోయినా నోరు మూసుకున్నాను.

పైకి రావాలంటే డ్యాష్‌బోర్డ్ పచ్చగా కనబడాల రంజితా, లోపల ఏముండాదో ఎవురూ చూడరు అన్నాడు. పేషెంట్ రికార్డుల్లో డూప్లికేట్లు ఎక్కువై డ్యాష్‌బోర్డ్ ఎర్రగా ఉందట. పేరు, ఊరు, ఫోన్ నంబర్ కలిస్తే ఒకే మనిషి కింద కలిపేసే స్క్రిప్ట్ రాసుకొచ్చాడు. వయసు చూడదు. ఈడ సగం మంది జనవరి ఒకటినే పుట్టినట్టుండారు, ఆ కాలమ్‌ను ఎవురు నమ్ముతారు అంటాడు.

మా వైపు మనవరాలికి అవ్వ పేరు పెడతారు సార్, ఇంటికంతా ఒకటే ఫోన్ అన్నాను. అట్లయితే వేరే పేరు పెట్టుకోవాల్సింది అన్నాడు. పుట్టింది ధర్మవరంలోనే, బుద్ధి మాత్రం యాడ పారేసుకున్నాడో.

నవంబర్ 4, మంగళవారం

కొన్ని పేర్లు రిజిస్ట్రేషన్ కౌంటర్లో చూపించి, ఒకే మనిషా ఇద్దరా అని అడుగుదామన్నాను. ప్రశ్నలడిగేటోళ్లు హిందూపురంలోనే ఉండిపోతారు అన్నాడు. స్క్రిప్ట్ నువ్వే నడుపు అన్నాడు. నడపమని మెయిల్ పెట్టండి సార్, నడుపుతాను అన్నాను. ముఖం మాడ్చుకుని, నన్ను నమ్మవా అన్నాడు.

నమ్మను.

నవంబర్ 5, బుధవారం

మెయిల్ రాలేదు. బ్యాకప్ తీసి, మూలనున్న పాత మెషిన్లో రీస్టోర్ చేసి చూశాను. తెరుచుకుంది. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

నవంబర్ 6, గురువారం, ఉదయం 9

నడిపేశాడు. బెంగళూరు నుంచే. సర్వర్లో రాత్రి పనులన్నీ నా లాగిన్ మీద నడుస్తాయి. వాటిలో తన స్క్రిప్ట్ దూర్చాడు. లాగ్‌లో ఉన్నది నా పేరు. డ్యాష్‌బోర్డ్ పచ్చబడిందని వాట్సాప్ గ్రూపులో ఆసుపత్రి ఎండీ చప్పట్ల బొమ్మ పెట్టాడు. వెనక్కి తీద్దామని ఫోన్ చేస్తే, ముట్టుకుంటే నీ ఉద్యోగం పోతాది అన్నాడు.

ముట్టుకోలేదు.

నవంబర్ 10, సోమవారం

కొత్తచెరువు నుంచి ముత్యాలమ్మ వచ్చింది. పెళ్లి కాని పిల్ల, గొంతు వాచి, జ్వరం. ఆమెకు పెన్సిలిన్ పడదు. పోయిన ఏడే ఆమె రికార్డులో ఎర్రగా రాశారు. స్క్రిప్ట్ ఆ రికార్డును తుడిచేసి, పాతదాన్ని ఉంచింది. పాతది వాళ్ల అవ్వది. ఆమె కూడా ముత్యాలమ్మే.

నర్సు గంగాదేవి స్క్రీన్ చూసింది. ఏమీ లేదు. పెన్సిలిన్ సూదిలోకి ఎక్కించింది. మందు పేరు విని, వెంట వచ్చిన అవ్వ చెయ్యి అడ్డం పెట్టిందట. ఇది ఏస్తే పిల్లకు ఊపిరాడదు, పోయినసారే చెప్పినాం గదమ్మా, రాసుకోలేదా అని.

గంగాదేవి పరుగున వచ్చి నాకు చెప్పింది. ఉద్యోగం కోసం చేతులు కట్టుకుని కూర్చున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఎవరినీ అడగలేదు. పాత మెషిన్లోని కాపీ చూసి, కలిసిపోయిన వాళ్లందరినీ విడదీశాను. డ్యాష్‌బోర్డ్ మళ్లీ ఎర్రబడింది. ఏడవనీ.

నవంబర్ 12, బుధవారం

ముత్యాలమ్మ సంగతి మీద ఎండీ గదిలో మీటింగ్. మనోహర్ లాగ్ ప్రింట్ తీసుకొచ్చాడు. నా పేరు కింద గీత. టెస్ట్ చేయమనే చెప్పినా సార్, తొందరపడింది అన్నాడు. రాని మెయిల్‌ను నేనెట్లా చూపించాలి? కాంట్రాక్ట్ పొడిగించం అన్నారు.

బయటికొచ్చాక మళ్లీ సలహా. లాగిన్ భద్రంగా పెట్టుకోవాలమ్మా, ఇంకో చోట పనికొస్తాది అన్నాడు. వాడి నోట్లో మన్ను పడ. రైల్లో పెనుకొండ దాకా తిట్టుకుంటూనే ఇల్లు చేరాను.

డిసెంబర్ 2, మంగళవారం

మనోహర్ ఫోన్. రికార్డులు విడదీసింది తానేనని చెప్పుకున్నాడట. ఎట్లా చేశావో చూపించమని ఎండీ కూర్చోబెట్టాడట. రెండు ముక్కల్లో చెప్పమ్మా, నీకు పుణ్యముంటాది అన్నాడు.

మెయిల్ పెట్టండి సార్ అన్నాను.